నాన్న పనికి కాగితం వెతికిన ఏడాది

మా నాన్న చీమకుర్తిలో ఒక గ్రానైట్ పాలిష్ ఫ్యాక్టరీలో ఇరవై ఎనిమిదేళ్లు పనిచేశారు. 1996లో హెల్పరుగా చేరారు. కొన్నేళ్లు రాతి బ్లాకుల్ని పలకలుగా కోసే గ్యాంగ్‌సా మిషన్ మీద, ఆ తర్వాత పాలిష్ లైన్ మీద ఆపరేటరుగా, చివరికి లైన్ మొత్తం చూసుకునే మేస్త్రీగా ఉండి 2024 జూన్‌లో మానేశారు. ఇన్నేళ్లూ అదే గేటు, అదే షెడ్డు, అదే యజమాని కుటుంబం. మా తమ్ముడేమో ఐటీఐలో ఫిట్టరు చేసి, ఎనిమిదేళ్లలో ఐదు చోట్ల పనిచేశాడు. సంక్రాంతికి అందరం ఇంట్లో కలిస్తే వీళ్లిద్దరికీ ఇదే గొడవ. "వాడికి నిలకడ లేదు" అని ఈయన, "నిలకడగా ఉండి నీకేం మిగిలింది" అని వాడు.

నాన్న పెన్షన్, ఇన్నేళ్ల సర్వీసుకి కంపెనీ ఇవ్వాల్సిన గ్రాట్యుటీ కాగితాల పని నేను నెత్తికెత్తుకున్నాక ఆ గొడవలో ఇద్దరి మాటా నాకు కొత్తగా అర్థమైంది. నేను ఒంగోలులో ఒక ఆడిటర్ గారి దగ్గర పీఎఫ్, ఈఎస్‌ఐ పనులు నేర్చుకుని, ఇప్పుడు హైదరాబాద్ కంపెనీ ఒకదానికి ఇంటి నుంచే జీతాల లెక్కలు చూస్తున్నాను. బంధువుల కాగితాలు చాలామందివి చూసిపెట్టాను. నాన్నవి మాత్రం ఆయన ముట్టనిచ్చేవారు కాదు. "మనం పోయి కాగితాలు అడిగితే పెద్దాయన ఏమనుకుంటాడమ్మాయ్" అనేవారు. పెద్దాయన అంటే ఫ్యాక్టరీ పెట్టిన ఓనరు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. అయినా నాన్నకు ఆ మాట మారలేదు.

ముందు నాన్న పని ఎట్లాంటిదో చెప్పాలి. మా వైపు దొరికే గెలాక్సీ గ్రానైట్ నల్లటి రాయి, లోపల బంగారు రంగు చుక్కలు మెరుస్తుంటాయి. చీమకుర్తి, రామతీర్థం చుట్టుపక్కల క్వారీల నుంచే అది దేశాలు దాటిపోతుంది. నాన్న చేరిన రోజుల్లో ఒక బ్లాకును గ్యాంగ్‌సా మీద ఎక్కిస్తే పలకలుగా తెగడానికి రెండు మూడు రోజులు పట్టేది. రాత్రీ పగలూ మిషన్ ఆగకూడదు. ఉక్కు రజను, సున్నం కలిపిన నీళ్లు బ్లేళ్ల మీద పడుతూనే ఉండాలి. అది పలచబడితే పలక వంకర పోతుంది. మిషన్ శబ్దంలో తేడా వస్తే కునుకులో ఉన్నా నాన్నకు తెలిసిపోయేదని ఆయనతో పనిచేసినవాళ్లు ఇప్పటికీ చెబుతారు.

పాలిష్ అయిన పలకను ఆయన ఎట్లా చూసేవారో నేను కాలేజీ రోజుల్లో క్యారేజీ ఇవ్వడానికి వెళ్లినప్పుడు చూశాను. పలక మీద నీళ్లు చల్లి, రబ్బరు పట్టీతో లాగేసి, పైన వెలుగుతున్న ట్యూబ్‌లైటు రాయిలో ఎట్లా కనపడుతుందో వంగి చూశారు. ఆ తెల్లటి గీత ఒకచోట సన్నగా వణికినట్టు ఉంది. అంటే అక్కడ పాలిష్ సరిగ్గా పట్టలేదు. అరచేత్తో ఆ చోటు తడిమి, సుద్దముక్కతో సున్నా చుట్టి, పలకను మళ్లీ లైన్ మొదటికి పంపారు. ఎక్స్‌పోర్టు లోడు ఆగిపోతుందని సూపర్‌వైజరు తొందరపెట్టినా వినలేదు. "మన చేతి మీదుగా పోయే రాయి సార్" అన్నారు. రిలీవరు రాకపోతే ఒళ్లు కాలిపోతున్నా మిషన్ దగ్గర నుంచి కదిలేవారు కాదు.

అట్లాంటి మనిషి మానేసి ఇంటికొచ్చిన రోజు చేతిలో ఉన్నది ఒక శాలువా, స్వీట్ల డబ్బా. కంపెనీ లెక్కలో మాత్రం ఆయన చేరింది 2012లో.

ఇది మా ప్రాంతంలో కొత్తేమీ కాదు, కాబట్టి వివరంగా చెబుతాను. పెద్దాయన నడిపిన మొదటి కంపెనీని 2012లో మూసేసి, అదే షెడ్డులో కొడుకు వేరే పేరుతో కంపెనీ పెట్టారు. పనివాళ్లకు తెలిసిందల్లా గేటు మీద బోర్డు మారడమే. కాగితం మీద మాత్రం పాత సర్వీసు అక్కడితో ఆగిపోయింది, కొత్త పీఎఫ్ నంబరు వచ్చింది. 1996 నుంచి 2001 దాకా అయితే అసలు పీఎఫే కట్టలేదు, జీతం వోచరు మీద ఇచ్చేవారు. 2014లో అందరికీ యూఏఎన్ నంబర్లు, అంటే ఎన్ని కంపెనీలు మారినా మనిషికి ఒకటే ఉండే పీఎఫ్ నంబర్లు, వచ్చినప్పుడు నాన్న యూఏఎన్‌కి రెండో కంపెనీ ఖాతా మాత్రమే తగిలింది. 2001 నుంచి 2012 దాకా కట్టిన సొమ్ము ఒక పాత నంబరు కింద విడిగా ఉండిపోయింది.

పెన్షన్‌కి ఇది ఎంత దెబ్బో లెక్క చెబితే తెలుస్తుంది. కంపెనీ జీతం మీద కట్టే పన్నెండు శాతంలో 8.33 శాతం పెన్షన్ నిధికి పోతుంది. పూర్తి పెన్షన్ రావాలంటే కనీసం పదేళ్ల సర్వీసు ఉండాలి, 58 ఏళ్లు నిండాలి. చివరి అరవై నెలల సగటు జీతాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగిస్తారు. 2014 సెప్టెంబరుకు ముందు సర్వీసుకి జీతం పరిమితి 6,500, ఆ తర్వాత సర్వీసుకి 15,000. ఇరవై ఏళ్ల సర్వీసు నిండినవాళ్లకు రెండేళ్లు అదనంగా కలుపుతారు. నాన్నకు చేతికి పంతొమ్మిది వేలు వస్తున్నా బేసిక్ కింద చూపించింది 11,700, మిగతాదంతా అలవెన్సులే. రెండో కంపెనీ సర్వీసు ఒక్కటే చూస్తే నెలకు పదిహేడు, పద్దెనిమిది వందల దగ్గర ఆగిపోతుంది. పాతది కలిస్తే మూడు వేలు దాటుతుంది. నాన్న తర్వాత అందులో సగం అమ్మకు వస్తుంది. పెద్ద మొత్తం కాదు, నిజమే. కానీ ఆ తేడాతో అమ్మ బీపీ, షుగరు మందులు వచ్చేస్తాయి.

నాన్న ఇనప్పెట్టె తెరిచేసరికి అడుగున పాలిథిన్ కవర్లో కొన్ని పసుపు పచ్చబడ్డ పీఎఫ్ స్లిప్పులు దొరికాయి, ఒకప్పుడు ఏడాదికొకటి ఇచ్చేవి. పాత పీఎఫ్ నంబరు వాటి మీదే ఉంది. అది దొరక్కపోతే నేను మొదలే పెట్టలేకపోయేదాన్ని. కాగితాలు పారేయకుండా దాచుకున్నందుకు నాన్నను మెచ్చుకోవాలి. ఎందుకు దాచారో మాత్రం ఆయనకే తెలియదు.

తర్వాత పుట్టిన తేదీ సంగతి. ఆధార్‌లో 1966, పీఎఫ్‌లో 1969. చేరిన రోజు గుమాస్తా వయసు అడిగి అంచనాగా వేసిన ఏడాది అది. పేరులోనూ తేడా ఉంది. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటే అక్కడ పొడి అక్షరం, చివరి రెండు అక్షరాలు వేరు. పీఎఫ్ లెక్క ప్రకారం నాన్నకు 58 నిండాలంటే 2027 దాకా ఆగాలి. సరిచేయాలంటే జాయింట్ డిక్లరేషన్ ఇవ్వాలి, దాన్ని కంపెనీ కూడా ఒప్పుకోవాలి. 2024 జనవరి నుంచి పుట్టిన తేదీకి రుజువుగా ఆధార్‌ను తీసుకోవడం మానేశారు. బర్త్ సర్టిఫికెటో, స్కూలు టీసీయో, మార్కుల జాబితానో కావాలి. ఏదీ లేనివాళ్లు సివిల్ సర్జన్ సర్టిఫికెట్, కోర్టు అఫిడవిట్ దాకా వెళ్లాలి.

నాన్న ఏడో తరగతి దాకా చదివారు. ఊరి బడి అదే చోట ఉంది, భవనం మారింది. హెడ్‌మాస్టర్ గారు బీరువాలోంచి అడ్మిషన్ రిజిస్టరు తీసి, పేజీ చిరగకుండా కింద అట్ట పెట్టి తిప్పారు. వరసకు స్కేలు ఆనించి ఒక్కో పేరూ చదువుతూ వచ్చి నాన్న పేరు దగ్గర ఆగారు. 1966 జూన్. పక్కన మా తాత వేలిముద్ర. నాన్న ఆ వేలిముద్ర కేసి చాలాసేపు చూశారు. "చదువు మానిపించింది ఆయనే, చేర్పించిందీ ఆయనే" అన్నారు. హెడ్‌మాస్టర్ గారు ఆ రోజే టీసీ రాసి, ముద్ర వేసి ఇచ్చారు. పని పట్ల శ్రద్ధ గురించి మాట్లాడుకుంటున్నాం కాబట్టి ఆయన్ని ఇక్కడ తలుచుకోవాల్సిందే. ఒకరి జీవితంలో మూడేళ్లు దారిలో పడ్డాయి ఆయన వల్ల.

కంపెనీ వైపు చూస్తే, ఆఫీసులో హెచ్ఆర్ అబ్బాయి ఒకతను ఉన్నాడు, పాతికేళ్లు కూడా ఉండవు. నాన్నకు అతనితో మాట్లాడటమే ఇష్టం లేదు. చిన్నాయన్ని, అంటే పెద్దాయన కొడుకుని నేరుగా కలుస్తానని గేటు దగ్గర కూర్చునేవారు. చిన్నాయన కలిసినప్పుడల్లా భుజం మీద చెయ్యి వేసి "చూద్దాంలే మేస్త్రీ" అనేవారు. పని అయ్యేది కాదు. ఆ హెచ్ఆర్ అబ్బాయి మాత్రం నేను పంపిన మెయిల్ చూసి, ఏయే కాగితాలు స్కాన్ చేయాలో రాసి పంపి, ఆన్‌లైన్‌లో డిక్లరేషన్ ఆమోదించాడు. "మేడమ్, ఫోన్‌లో అడిగితే నేను మర్చిపోతా, మెయిల్ పెట్టండి, నాకూ రికార్డు ఉంటుంది" అన్నాడు. నాన్న తరానికి ఇది మర్యాద లేనితనంగా కనిపిస్తుంది. నాకు మాత్రం ఆ మాట నచ్చింది. భుజం మీద చెయ్యి కన్నా ఆ మెయిలే మాకు పనికొచ్చింది.

మూసేసిన మొదటి కంపెనీకి సంతకం పెట్టేవాళ్లు ఎవరూ లేరు. ప్రతి నెలా 27న జిల్లాల్లో పీఎఫ్ వాళ్లు పెట్టే 'నిధి ఆప్కే నికట్' శిబిరంలో అడిగితే, మూతపడిన కంపెనీ విషయంలో గెజిటెడ్ అధికారి ధ్రువీకరణతో డిక్లరేషన్ ఇవ్వొచ్చని చెప్పారు. అట్లాగే ఇచ్చాం. తర్వాత ఫారం 13 పెట్టి పాత ఖాతాను కొత్తదాంట్లోకి బదిలీ చేయించాం. ఆ రెండూ అయ్యేసరికి చాలా నెలలు పట్టింది. ఎక్కడ ఆగిందో తెలియనప్పుడు ఫిర్యాదుల పోర్టల్‌లో నమోదు చేయడం ఒక్కటే దారి. ప్రతి ఫిర్యాదుకీ నంబరు వస్తుంది, జవాబూ రాతపూర్వకంగా వస్తుంది.

ఈ పనిలో సగం తమ్ముడు చేశాడని చెప్పాలి. కంపెనీ పీఎఫ్ రికార్డులో నాన్న పేరు మీద ఎగ్జిట్ తేదీ, అంటే పని మానేసిన తేదీ, వేయలేదు. చివరి చందా కట్టిన రెండు నెలల తర్వాత సభ్యుడే స్వయంగా వేసుకోవచ్చని వాడే చెప్పి, నాన్న ఫోన్‌లో ఓటీపీ తెప్పించి వేశాడు. వాడికి ఇవన్నీ కొట్టిన పిండి. ఐదు కంపెనీలు మారిన వాడికి రాకపోతే ఎవరికొస్తుంది.

ఓటీపీ కోసం కాచుకుని కూర్చున్న ఆ మధ్యాహ్నమే వాడు తన సంగతులు కొన్ని మొదటిసారి చెప్పాడు. మొదటి ఉద్యోగం శ్రీసిటీలో, సెల్‌ఫోన్లు బిగించే లైన్‌లో. ఫ్యాక్టరీ వేరు, వీడికి జీతం ఇచ్చే ఏజెన్సీ వేరు. పదకొండో నెల చివర రేపటి నుంచి గేటు పాసు పనిచేయదని వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది. వాడితో పాటు హాస్టల్ గదిలో ఉన్నవాళ్లందరికీ అదే మెసేజ్. "నేను మానేశానని నాన్న అనుకుంటున్నాడు. నిలకడగా ఉందామన్నా నిలబెట్టుకునేవాడు ఉండాలిగా అక్కా" అన్నాడు.

రెండోది శ్రీపెరుంబుదూరు దగ్గర కారు విడిభాగాల యూనిట్. అక్కడ వాడు నిజంగానే మానేశాడు. ప్రతి గంటకూ కొన్ని భాగాలు తీసి గేజ్ పెట్టి కొలిచి షీటులో రాయాలి. ఒక నైట్ షిఫ్టులో ప్రొడక్షన్ వెనకబడిందని, కొలవకుండానే నంబర్లు నింపేయమన్నాడు షిఫ్టు ఇన్‌చార్జి. వీడు నింపలేదు. వారం తిరగకుండా వేరే సెక్షన్‌లో లోడింగుకి వేశారు. ఓవర్‌టైమ్‌కి చట్ట ప్రకారం రెట్టింపు ఇవ్వాల్సింది, మామూలు రేటే ఇచ్చారు. అడిగితే జవాబు లేదు. నెల జీతం చేతికొచ్చాక బ్యాగు సర్దుకున్నాడు.

నాన్న అప్పటిదాకా మంచం మీద అటు తిరిగి పడుకుని ఉన్నారు. లేచి కూర్చుని, "ఏం గేజి? ఎంత తేడా వరకు ఒప్పుకుంటారు?" అని అడిగారు. వాడు చెప్పాడు. వెంట్రుక మందంలో కొలతలు, ఎక్కువైతే బేరింగు ఎట్లా పట్టేస్తుందో, తక్కువైతే ఎట్లా ఊగుతుందో. ఇద్దరూ చాలాసేపు దాని గురించే మాట్లాడుకున్నారు. నేను వింటూ కూర్చున్నాను. పలక మీద సుద్దముక్కతో సున్నా చుట్టిన మనిషికీ, నంబర్లు నింపనన్న వీడికీ పని విషయంలో తేడా ఏముంది? నాన్నకు ఆ పట్టుదలతోనే ఇరవై ఎనిమిదేళ్లు ఒకచోట గడిచిపోయాయి, వీడు అదే పట్టుదల వల్ల బయటికి రావాల్సి వచ్చింది. సుద్దగీతను కాదనని యజమాని నాన్నకు దొరికాడు. వీడికి యజమాని ఎవరో కూడా తెలియదు, ఏజెన్సీ మేనేజరు ఫోన్ నంబరు ఒక్కటే తెలుసు.

మార్కెట్టు మారిందనేది ఊరికే అనే మాట కాదు. నాన్న చేసిన గ్యాంగ్‌సా పనిని ఇప్పుడు మల్టీవైర్ మిషన్లు గంటల్లో తేల్చేస్తున్నాయి. శబ్దం విని మిషన్ నాడి పట్టేవాళ్ల అవసరం తగ్గింది. బీహారు, ఒడిశా, రాజస్థాన్ నుంచి వచ్చిన కుర్రాళ్లు కాంట్రాక్టరు కింద షెడ్లలోనే ఉండి పనిచేస్తున్నారు. మా ఊరి పిల్లలు ఆ దుమ్ములోకి మేం వెళ్లం అంటున్నారు. వెళ్లకపోవడాన్ని బద్ధకం అని కొట్టిపారేసేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్ని ఏం చేస్తుందో చీమకుర్తిలో చూడని ఇల్లు తక్కువ. నాన్న ఇప్పటికీ తెల్లవారుజామున దగ్గుతూనే లేస్తారు.

అయితే తమ్ముడి తరం చేసే ఒక పని మాత్రం నన్ను బాధపెడుతుంది. కంపెనీ మారినప్పుడల్లా వాడు పీఎఫ్ మొత్తం తీసేసుకున్నాడు. పెన్షన్ వాటా కూడా ఫారం 10సీతో లాగేశాడు. పదేళ్ల లోపు సర్వీసుకి అట్లా తీసుకోవచ్చు, లేదంటే స్కీమ్ సర్టిఫికెట్ తీసుకుని సర్వీసును దాచుకోవచ్చు. దాచుకుంటే తర్వాత కంపెనీలో అది కలుస్తుంది. వాడికి ఈపాటికి ఆరేళ్ల పైన సర్వీసు ఉండేది. వచ్చిన డబ్బు ఒకసారి హైదరాబాద్‌లో గది అడ్వాన్సుకి, ఒకసారి డెలివరీ పనికి కొన్న బండికి సరిపోయింది. మధ్యలో కొన్ని నెలలు ఒంగోలులో బైక్ సర్వీసు సెంటర్‌లో చేశాడు. అక్కడ పీఎఫ్ అన్న మాటే లేదు. వాడిని తప్పుపట్టలేను, రెండు ఉద్యోగాల మధ్య ఖాళీ నెలల్లో వాడికి వేరే ఆధారం లేదు. కానీ ఇరవైల్లో ఉన్న ప్రతి ఒక్కరికీ గట్టిగా చెప్పాలనిపిస్తుంది: ఉద్యోగం మారండి, సర్వీసును మాత్రం చంపుకోకండి. ట్రాన్స్‌ఫర్ పెట్టుకోండి. ఇప్పుడు వాడు కృష్ణపట్నం వైపు ఒక నూనె రిఫైనరీలో మెయింటెనెన్స్‌లో ఉన్నాడు. ఈసారి ఆ ఖాతా ముట్టుకోనని అమ్మకు మాటిచ్చాడు.

నాన్న పెన్షన్ ఫారం 10డి 2025 వేసవిలో పెట్టాం. అమ్మతో కలిసి దిగిన ఫొటో, బ్యాంకు పుస్తకం, ఆధార్. 2025 జనవరి నుంచి ఏ బ్యాంకు ఖాతాలోకైనా పెన్షన్ వేస్తున్నారు కాబట్టి ఊళ్లో బ్యాంకు ఖాతానే ఇచ్చాం. మొదటి నెల బకాయిలతో కలిపి పడింది. నెలకు మూడు వేల వంద చిల్లర. ఏడాదికోసారి లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి, ఫోన్‌లో ముఖం చూపిస్తే చాలు.

పెన్షన్ పని అయింది కానీ గ్రాట్యుటీ ఇంకా తేలలేదు. 1972 నాటి చట్టం ప్రకారం చివరి జీతంలో పదిహేను రోజుల వేతనం చొప్పున ఏడాదికి లెక్కకట్టి ఇవ్వాలి, నెలకు 26 రోజులుగా లెక్క. నాన్న 11,700కి ఏడాదికి 6,750 వస్తుంది. కంపెనీ 2012 నుంచి పన్నెండేళ్లకు 81,000 ఇస్తానంది. 1996 నుంచి ఇరవై ఎనిమిదేళ్లకు అయితే 1,89,000. యజమాని కుటుంబం, షెడ్డు, మిషన్లు, పనివాళ్లు అన్నీ అవే అయినప్పుడు సర్వీసు తెగిపోయినట్టు కాదని మా వాదన. నాన్న 81,000 తీసుకుని ఊరుకుందామన్నారు. "ఇన్నేళ్లు అన్నం పెట్టినవాళ్ల మీద కేసేంటి" అన్నారు. అమ్మ అప్పుడు అంది: "వాళ్లు పెట్టలేదు, నువ్వు సంపాదించావు." నాన్న మాట్లాడలేదు. మర్నాడు పొద్దున్నే కార్మిక శాఖకు ఇచ్చే దరఖాస్తు మీద సంతకం పెట్టారు.

2001 నుంచి రుజువుకి పీఎఫ్ స్లిప్పులున్నాయి. పాత ఈఎస్‌ఐ కార్డు ఉంది. అంతకు ముందు ఐదేళ్లకే ఏమీ లేదు. నియామక పత్రం అన్నది నాన్న జీవితంలో చూడలేదు. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌లలో ప్రతి కార్మికుడికీ నియామక పత్రం ఇవ్వాలని ఉంది. అది 1996లో ఉంటే నేను ఇప్పుడిట్లా పెట్టెలు వెతుక్కునే పని ఉండేది కాదు.

వెతగ్గా పెట్టె మూలలో ఒక అర చేతంత నోటుపుస్తకం దొరికింది. 1996 దసరా నుంచి నాన్న తీసుకున్న అడ్వాన్సులు. తేదీ, ఎంత తీసుకున్నది, బట్వాడా రోజున ఎంత కోయించుకున్నది, ఎదురుగా పెద్దాయన పొట్టి సంతకం. రెండు వందలు, ఐదు వందలు, నేను పుట్టినప్పుడు వెయ్యి. ఒక్కటీ తీరకుండా లేదు. తీరిన ప్రతిదాని మీదా అడ్డగీత. పేజీలు తిప్పుతుంటే నాకు కళ్లు నిండాయి. ఆయన బాకీ పడ్డది పైసాతో సహా రాసుకున్నారు. ఆయనకు రావాల్సింది ఒక్క చోట కూడా రాసుకోలేదు. మా తమ్ముడి ఫోన్‌లో ప్రతి నెలా పే స్లిప్పు, ప్రతి ఓవర్‌టైమ్ గంటా ఉంటాయి. వాడికి పని కన్నా లెక్కలే ఎక్కువని నాన్న అనేవారు. ఇప్పుడు కార్మిక శాఖ ఆఫీసులో నాన్న తరఫున నిలబడింది ఆ అడ్వాన్సు పుస్తకమే.

కంపెనీ తరఫు వకీలు పొట్టి సంతకం ఎవరిదో ఎట్లా తెలుస్తుందని అడిగారు. అప్పటినుంచీ కలిసి పనిచేసినవాళ్లను సాక్ష్యానికి తీసుకురమ్మన్నారు అధికారి. నేను వెళ్లి అడుగుతానంటే నాన్న వద్దన్నారు, తానే బయల్దేరారు. చీమకుర్తిలో దిగి, గ్యాంగ్‌సా మీద తనతో పాటు నైట్ షిఫ్టులు చేసిన పాత స్నేహితుడి ఇంటికి వెళ్లారు. ఆయన కొడుకు బెంగళూరులో ఉంటాడు. ఇంట్లో ఆయన, ఆక్సిజన్ సిలిండరు, భార్య. సాక్ష్యం చెప్పడానికి వెంటనే ఒప్పుకున్నారట. తర్వాత లోపలికి వెళ్లి తన కవరు తెచ్చి నాన్న చేతిలో పెట్టి, "మీ అమ్మాయిని నావి కూడా చూడమను. నాకు 2001 స్లిప్పు కూడా లేదు" అన్నారట.

ఆ కవరు ఇప్పుడు నా టేబుల్ మీదుంది. ఈఎస్‌ఐ కార్డు ఒకటి, ఆయుధపూజ రోజు షెడ్డు ముందు అందరూ నిలబడి దిగిన ఫొటో ఒకటి. ఫొటోలో వెనక మొదటి కంపెనీ బోర్డు పూర్తిగా కనిపిస్తోంది, కింద మూల 1998 అని ముద్ర ఉంది. నాన్న రెండో వరసలో ఉన్నారు. వాయిదా వచ్చే నెలలో. ఫొటోని పెద్దదిగా ప్రింటు తీయించి, ఒక్కొక్కరి పేరూ నాన్నతో చెప్పించి రాస్తున్నాను. అందులో ఇంకా ఎంతమంది ఊళ్లోనే ఉన్నారో ఆయన ఫోన్లు చేసి కనుక్కుంటున్నారు.